వాత్రా ఎవరిదని అడిగావు కదా

స్తారా కొషారా మేతకొండ,
ఇలియా ప్రవక్త పండుగ వెళ్ళిన మూడో రోజు, 1934.

చిరంజీవి వసిలీనాకు,

యేసుక్రీస్తుకు మహిమ. మీ అమ్మ హఫియా కొండ మీద నుంచి దీవించి రాయునది. ఇక్కడ మనుషులం, గొర్రెలు, కుక్కలు, అందరం దేవుడి దయవల్ల నిక్షేపంగా ఉన్నాం. ఒక్క ముసలి పొట్టేలు మాత్రం కుంటుతోంది. దానికి కుంటడం ఓ సరదా, నేను చూడనప్పుడు బాగానే నడుస్తుంది. అక్కడ ప్రాగ్‌లో నువ్వు వేళకి తిని, వేళకి పడుకుని, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే అనుకుంటున్నాను. బాగాలేకపోతే బాగాలేదనే రాయి.

మీ నాన్న కాలు ఎలా ఉందని అడిగావు. ఎముక అతుక్కుంది గాని అడవిలో దుంగ పడ్డ చోట ఇంకా వాపు ఉంది. చంకల్లో రెండు కర్రలు పెట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంటున్నాడట. మీ మేనత్త వండే సంకటిలో ఉప్పు లేదని రోజూ తగువట. తగువు పెట్టుకుంటున్నాడంటే ప్రాణం కుదుటపడ్డట్టే. కొండ ఎక్కడం మాత్రం ఈ ఏడాదికి లేదు.

నీ ఏడు పేజీల ఉత్తరం అందింది. ఏడు పేజీలా, తల్లీ! నేను నీ పలక మీద, నువ్వు నిద్రపోయాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక్కో పేజీకి ఒక్కోసారి ఆగి ఊపిరి తీసుకుంటే గాని ముందుకి సాగదు. అయినా ప్రతి అక్షరం చదివాను. అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను, మీ ప్రొఫెసరుగారికి వినిపించు. నవ్వితే నవ్వనీ.

వాత్రా అంటే మనకి గుడిసె మధ్యలో నేల మీద మండే నెగడు. ఊళ్ళో ఇంటి పొయ్యిని మనం అలా అనం. ఆకు కాల్చి పారేసే మంటని అసలే అనం. సెర్బులకి ఏ నిప్పయినా వాత్రాయేనని, అల్బేనియా వాళ్ళకి అది పొయ్యి, ఇల్లు అని, రుమేనియన్లకి పొయ్యీ, దాని చుట్టూ లేచిన ఇల్లూ, ఊరున్న నేలా అన్నీ అదేనని రాశావు. పోలండు కొండల్లోనూ, ఎక్కడో మొరావియాలోనూ గొర్రెలవాళ్ళు ఆ మాటే అంటారని చదివి నాకు భలే ఆశ్చర్యం వేసింది. మొదట ఎవరి నోట పుట్టిందనే దగ్గర మాత్రం పండితులు జుట్లు పట్టుకుంటున్నారన్నావు. ఒకాయన అల్బేనియా అంటే, ఒకాయన రుమేనియా అంటాడట. ఇంకొకాయన వాళ్ళందరికంటే ముందు ఈ కొండల్లో బతికి, పేరు కూడా మిగలకుండా పోయిన జనానిది అంటాడట.

పెద్దవాళ్ళని అడగమన్నావు కాబట్టి, జున్ను చేసే లుకిన్ మామని అడిగాను. ఆయనకి డెబ్భై దాటాయి, నోట్లో పైపు ఉంటే తప్ప ఆలోచన రాదు. రెండు గుక్కలు పొగ పీల్చి, “ఓసి పిచ్చిదానా, నోవహు ఓడలో గొర్రెల్ని ఎవరు చూసుకున్నారనుకున్నావు? ఆ కాపరి మాట అది. ఓడ దిగాక ఏ కొండవాళ్ళకి ఆ కొండవాళ్ళకి పంచాడు. రాసి పంపు మీ అమ్మాయికి” అన్నాడు. పంపుతున్నాను. నాకు తోచింది కూడా దానికి దగ్గరే. మేత వెతుక్కుంటూ గొర్రెలు నడిచాయి, వాటి వెంట కాపర్లు నడిచారు. రాత్రికి ఎక్కడ ఆగితే అక్కడ నిప్పు వేసుకుని, దానికి అలవాటైన పేరే పెట్టారు. ఏ రాజుగారి గీత ఎక్కడుందో గొర్రెకేం తెలుసు?

ఇక మన పట్నం విద్యాసంఘం కార్యదర్శి సంగతి. వాత్రా మన జాతి సొంత మాటేననీ, మిగతావాళ్ళంతా మన దగ్గర తీసుకున్నారనీ నీ వ్యాసంలో తేల్చకపోతే నీ చదువుకి పంపే ఉపకారవేతనం ఆపేస్తామని రాశాడన్నావు. అక్టోబరులో వాళ్ళ సభలో నిలబడి చదివి వినిపించాలట. “అమ్మా, వాళ్ళు అడిగిన ఒక్క వాక్యం రాసేస్తే ఏం పోతుంది? ఎవరికి తెలుస్తుంది?” అని అడిగావు. దానికి జవాబు ఉంది గాని చివర రాస్తాను. ముందు ఈ కొండ మీద నాకేమైందో నీకు తెలియాలి. నేను పెద్దకాపరిగా వచ్చానని మీ నాన్న రాశాడు గాని ఎలా వచ్చానో రాసి ఉండడు.

వసంతంలో, ఏటా మన మందలో గొర్రెలు కలిపే గొర్రెలవాళ్ళంతా మన వాకిట్లో చేరారు. మీ నాన్న ఇల్కో మంచాన పడ్డాడు కాబట్టి ఈ ఏడు తనాసికి అప్పగిద్దామన్నారు. తనాసి తెలుసుగా, మీ నాన్న కింద పన్నెండేళ్ళు పనిచేసి, ఆ పన్నెండేళ్ళూ ఆయన పెద్దకాపరి టోపీ మీదే కన్నేసినవాడు. నేను గడపలో నిలబడి, “నేను వెళ్తాను” అన్నాను. అందరూ నవ్వారు. తనాసి అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

“వదినా, ఆడమనిషి వాత్రా దగ్గర కూర్చుంటే పాలు విరిగిపోతాయి” అన్నాడు.

“నువ్వు ఇరవై ఏళ్ళుగా తింటున్న జున్ను విరిగిన పాలే, నాయనా. పాలు విరక్కపోతే నీకు జున్ను ఎక్కడిది?” అన్నాను.

నవ్వు అటు నుంచి ఇటు తిరిగింది. చివరికి ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. మేలో వేసిన నిప్పు గొర్రెలు దిగేదాకా ఆరకూడదన్నది పాత కట్టుబాటే. “నీ చేతిలో అది ఒక్కసారి ఆరినా సరే, ఆ రోజే మా గొర్రెల్ని దించుకుపోతాం” అన్నారు. అంతమంది గొర్రెలు పోతే మన చలికాలం ఎలా గడుస్తుందో నీకు చెప్పక్కర్లేదు. సరేనన్నాను.

వాత్రాకి అగ్గిపుల్ల పనికిరాదు. కర్రకి తాడు చుట్టి, కర్రని కర్రతో రాపాడించి నిప్పు పుట్టించాలంటే తాడుకి చెరో కొసా ఇద్దరు లాగాలి. మేలో పైకి చేరిన రోజు కొండ మీద పదిమంది మగవాళ్ళు ఉన్నారు, తాడు పట్టినవాడు లేడు. చేతులు కట్టుకుని తమాషా చూస్తున్నారు. ఒక కొస లుకిన్ మామ పట్టాడు, రెండోది నేను పట్టాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి పొగ వచ్చింది. నా అరచేతుల తోలు లేచిపోయింది. మంట లేవగానే మామ మొదట నా మొహం చూశాడు, తర్వాత వాళ్ళ మొహాలు చూసి, “కుక్కలకి అన్నం పెట్టండి, ఖాళీగానే ఉన్నారుగా” అన్నాడు.

ఆ రోజు నుంచి కట్టుబాటు అక్షరం తప్పలేదు. నిప్పుని గుడిసె దాటనివ్వకూడదు, బయటికి నిప్పుకణిక ఇస్తే దానితోపాటు పాల కలిమి కూడా పోతుందంటారు కదా. జూన్‌లో ఒక కట్టెలవాడు వచ్చి పైపు వెలిగించుకుపోతానంటే, “ఇక్కడే కూర్చుని తాగి పో” అన్నాను. అలిగి, తాగకుండానే పోయాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను, ఈ కాగితం మీద ఇంతవరకూ వచ్చానుగా, ఇంకా చెయ్యి వెనక్కే లాగుతోంది. వసిలీనా, నా వాత్రా ఆరిపోయింది. జూలై నడిమిలో, నీ ఏడు పేజీల ఉత్తరం వచ్చిన రోజున ఆరిపోయింది. లుకిన్ మామ దూరపు గుడిసెకి ఉప్పు తీసుకెళ్ళాడు, మిగతావాళ్ళు మందతో ఉన్నారు. గుడిసెలో పొగకి అక్షరాలు కనబడవని ఉత్తరం పట్టుకుని ఊట దగ్గరికి పోయాను. మూడో పేజీలో అల్బేనియా, ఐదో పేజీలో సెర్బులు. నాలుగు దేశాల వాత్రాల గురించి వేలు పెట్టి కూడబలుక్కుంటూ నా వాత్రా సంగతి మరిచిపోయాను. ఆరో పేజీలో నిద్ర పట్టేసింది. వడగళ్ళు నెత్తిన పడితే లేచాను. పరిగెత్తి వచ్చేసరికి గుడిసె కప్పు ఒక మూల లేచిపోయి, వాననీళ్ళు కాలవకట్టి నెగడులోకి దిగుతున్నాయి. బూడిద గెలికాను, చేత్తో గెలికాను. ఎక్కడా వెచ్చన కూడా లేదు. దీనికి నువ్వు కుమిలిపోకు. ఉత్తరం రాయడం నీ తప్పు కాదు, నిద్రపోయింది నేను.

పాలు పితికే వేళకి మగవాళ్ళు వచ్చేస్తారు. నా నడుముకి పైపుతోపాటు అగ్గిపెట్టె ఉంది. ఇది కూడా చెప్పేస్తున్నాను, ఒక పుల్ల గీశాను. చితుకుల కింద పెట్టబోయాను. చూసేవాడు లేడు. అరచేతిలో మేనాటి తాడు మచ్చ కనబడింది. నా మీద నాకే అసహ్యం వేసి ఊదేశాను.

తాడు లాగడానికి రెండో మనిషి లేడు. ఉన్న దారి ఒక్కటే. శిఖరం అవతల వాలులో రోజూ పొద్దున ఒక పొగ లేస్తుంది, రుమేనియా కాపర్లది. మూత ఉన్న ఇనపకుండలో పొడిబూడిద పోసుకుని ఎక్కాను. సరిహద్దు రాయి దాటేటప్పుడు సిలువ వేసుకున్నాను. అవతల నాలుగు కుక్కలు మీదికొచ్చాయి, వాటి వెనక వాటికంటే పెద్ద మీసాలతో ఒక మనిషి. పేరు గవ్రీలా, అక్కడి పెద్దకాపరి. కుర్రతనంలో మనవాళ్ళతో కలిసి దుంగలు తోలాడట, మన మాట సగం వచ్చు. ఏమని అడగాలో తెలియలేదు. కుండ మూత తీసి చూపించి, “వాత్రా” అన్నాను, “పోయింది” అన్నాను. అంతే. ఆ మనిషి మొహం మాడిపోయింది, ఇంట్లో ఎవరో పోయారని విన్నట్టు.

లోపలికి రమ్మని జున్నునీళ్ళు ఇచ్చాడు. గుడిసె మధ్యలో అదే నెగడు, పక్కన అదే చెక్కబల్ల. అతని నోట జున్నులకి ఉర్దా, బ్రింజా, గుడిసెకి కొలిబా, అన్నీ మన మాటలే వినబడుతున్నాయి. నిప్పు అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

“ఇవ్వకూడదమ్మా. బయటికి కణిక పోతే మా పాలు పోతాయి.”

“నాకు తెలుసు. నేనైనా ఇవ్వను” అన్నాను.

“మరెందుకు వచ్చావు?”

“ఇంకెక్కడికి పోను? అగ్గిపుల్ల గియ్యమంటావా?”

ఆ మాటకి ఆయనకి కోపం వచ్చింది. “అగ్గిపుల్లా! థూ!” అని నేల మీద ఉమ్మాడు. కాసేపు మీసం నమిలాడు. నిప్పు ఆరితే నాకేమవుతుందో అడిగి, మా మగవాళ్ళు పెట్టిన షరతు చెప్పించుకున్నాడు, చెప్పేకొద్దీ ఎర్రబడ్డాడు. చివరికి లేచి నిలబడి, గుమ్మం వైపు తిరిగి, చాలా గట్టిగా అన్నాడు. “నేను కుక్కల్ని చూసొస్తాను. నేను ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఎవరైనా దొంగిలిస్తే మాత్రం, ఆ దొంగముండని సాయంత్రందాకా తిడతాను!”

అర్థమైంది. పట్టుకారు తీసుకుని మూడు కణికలు కుండలో కప్పెట్టుకుని పరిగెత్తాను. వెనక నుంచి తిట్లు, అబ్బబ్బ, ఏం తిట్లు! సగం అతని భాషలో, సగం మన భాషలో, నాకు అర్థం కావాలని. అతని మనుషులు కూడా గుడిసె వెనక నుంచి వచ్చి అందుకున్నారు. ఒకడు అయితే నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నాడు. నా జన్మలో అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

సరిహద్దు రాయి దగ్గర మన సుంకంవాడు ఎదురయ్యాడు, ఆ పొట్టి చెక్ కుర్రాడే. “పొగాకా?” అన్నాడు. “బూడిద, గొర్రె గిట్టలకి” అన్నాను. నమ్మకుండా మూత తీసి వేలు దూర్చాడు. వేలు నోట్లో పెట్టుకుని ఎగురుతుంటే, “దీనికి సుంకం ఎంత బాబూ?” అని అడిగాను. పొమ్మని చెయ్యి విసిరాడు. పితికే వేళకి నా వాత్రా మళ్ళీ లేచి మండుతోంది. కప్పు ఎగిరిపోయినా నిప్పు ఆరలేదని వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నేను తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మూడు వారాలు అలాగే ఊరుకున్నాను. తిన్న తిండి ఒంటబట్టలేదు. ఇలియా పండుగకి తమ వంతు జున్ను పట్టుకుపోవడానికి గొర్రెలవాళ్ళంతా పైకి వచ్చారు. జున్ను బాగుందన్నారు. తనాసి అందరి ముందూ టోపీ తీసి, “వదినా, తప్పు అన్నాను. ఆడమనిషి అయినా వాత్రాని ఆరనివ్వలేదు” అన్నాడు. ఆ పొగడ్త నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. అవునని తల ఊపితే చాలు, ఈ ఏడే కాదు, వచ్చే ఏడు కూడా పెద్దకాపరిని నేనే.

“ఆరింది” అన్నాను. “నా వల్లే ఆరింది. ఉత్తరం చదువుతూ నిద్రపోయాను. అవతలి వాలు నుంచి దొంగిలించి తెచ్చాను. మూడు వారాలుగా మీరు తింటున్నది ఆ నిప్పు మీద కాచిందే.”

ఒక్కసారిగా గోల. “రుమేనియా నిప్పా!” “పరాయి నిప్పు తెచ్చి మన పాలు కాచిందా!” తనాసి టోపీ మళ్ళీ నెత్తికెక్కింది. “చూశారా, నేను చెప్పలేదూ! ఆడదాని చేతికిస్తే ఇంతే!”

నాకు భయం అక్కడితో పోయింది. “షరతు షరతే. ఎవరి గొర్రెలు వాళ్ళు వేరు చేసుకోండి, నేనే దడి తలుపు తీస్తాను. కానీ ఒక్క మాట. పరాయి నిప్పు మీద కాచిందని రుచి తేడా కనబడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రండి. మూడు వారాలు లొట్టలేసుకుంటూ తిన్నారుగా!” అన్నాను. ఒకరిద్దరు చేతిలో ఉన్న జున్ను వాసన చూసుకున్నారు.

అప్పుడు లుకిన్ మామ పైపు నోట్లోంచి తీశాడు. ఆయన పైపు తీశాడంటే మాట పెద్దదే.

“ఇరవై ఏళ్ళుగా ఈ గుడిసెలో నేనున్నాను. ఇల్కో చేతిలో ఈ వాత్రా నాలుగుసార్లు ఆరింది. నాలుగుసార్లూ అగ్గిపుల్లే. ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు, నేనూ నోరు మూసుకున్నాను, పాపం నాది కూడా. అగ్గిపెట్టె ఎవరు అందించారో చెప్పమంటావా తనాసీ?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తనాసి చెయ్యి జేబు మీదికి పోయింది. అందరూ చూశారు. ఇక నవ్వు చూడాలి, వసిలీనా, కుక్కలు కూడా మొరిగాయి. తనాసీ, వాడి అన్నా పంతానికి తమ గొర్రెల్ని వేరుచేసి తోలుకుపోయారు. నేను అన్నమాట ప్రకారం తలుపు తీసి పట్టుకున్నాను. మిగతావాళ్ళ గొర్రెలు ఇక్కడే ఉన్నాయి. చలికాలానికి కొంచెం ఇరుకే గాని గడుస్తుంది. మీ నాన్న సంగతి కాలు బాగయ్యాక తేలుస్తాను. ఆరిపోయే నిప్పే ఆయనదీ, ఇరవై ఏళ్ళ పేరు మాత్రం ఆయనకి, షరతు నాకూనా? ఆ రాత్రి కోపంతో ఏడ్చాను కూడా, దాచడం ఎందుకు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఆ ఒక్క వాక్యం రాస్తే ఏం పోతుందని అడిగావు. రాయకు. ఆ కార్యదర్శి ఏనాడైనా వాత్రా ముందు కూర్చున్నాడా? అది మన జాతి సొత్తని ఆయనకి ఎవరు చెప్పారు? నేను కుండ పట్టుకుని పోయి ఆ మాటొక్కటి అంటే, నా భాష సగమే వచ్చిన మనిషికి నా కొంప మునిగిందని తెలిసిపోయింది. అది ఒక్క మనదే అయితే ఆ రోజు నా గతేమయ్యేది? పండితులు ఏం తేల్చారో అది రాయి, తేలనిది తేలలేదని రాయి. అల్బేనియా వాళ్ళదైతే వాళ్ళదని రాయి, పేరు కూడా మిగలని వాళ్ళదైతే మరీ పెద్దగా రాయి, వాళ్ళకంటూ ఇంకేం మిగిలింది గనక. అక్టోబరులో సభలో నిలబడి, తల దించకుండా చదువు. గొంతు వణికితే వణకనీ, నాదీ వణికింది.

వేతనం ఆపితే ఆపనీ. ఇక్కడ తాడుకి ఒక కొస లాగేది డెబ్భై దాటిన ముసలాయన, రెండో కొస నేను. ఇంకో ఆడపిల్ల చెయ్యి కలిస్తే మధ్యాహ్నందాకా అక్కర్లేదు, పొద్దెక్కేసరికి మంట లేస్తుంది. చదువు మానేసి రమ్మని అనడం లేదు. తలదించుకుని అక్కడ ఉండనక్కర్లేదని అంటున్నాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
స్తారా కొషారా పెద్దకాపరి
హఫియా